మెరిన్‌కి మామూలే

మా ఆదివారం నడకకి వచ్చిన మొదటి రోజే మెరిన్ బురదలో పడింది. తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకొచ్చింది మహాతల్లి! ఇంగ్లండు కొసన మా కార్న్‌వాల్ కొండల మీద, అదీ మార్చి నెలలో, ఆవులు తొక్కిన దారిలో.

ముందు నడుస్తున్న జాగో వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి అందించాల్సింది పోయి పడీపడీ నవ్వాడు.

"ఏంటా నవ్వు? మనిషి పడితే నవ్వుతారా మీ ఊళ్ళో?"

"ఊరికే పడితే నవ్వం. ఇంత స్టయిల్‌గా పడితే నవ్వుతాం."

"లేపుతావా, చూస్తూ నిలబడతావా?"

"లేపుతా. ముందొక ఫొటో తీసుకోనీ."

నా పేరు లవ్‌డే. మోకాళ్ళ పుణ్యమా అని ఈ గుంపులో ఎప్పుడూ చివర నడిచేది నేనే. చివర నడిచేవాళ్ళకి అందరి వీపులూ కనిపిస్తాయి. ఏ వీపు ఎటు ఒరుగుతోందో కూడా కనిపిస్తుంది. ఆ పూట మెరిన్ జాగోని తిట్టుకుంటూనే పోయి పోయి వాడి పక్కకే చేరింది. ఈ పిల్ల పని అయిపోయిందనుకున్నాను.

మా నడక ఎక్కడ మొదలైనా 'పాత లంగరు' పబ్‌లో భోజనంతో ముగియాలి. అక్కడ సూపులూ, శాండ్‌విచ్‌లూ, పిండి పొరలో కూర పెట్టి కాల్చే 'పై'లూ అన్నీ వండేది పెట్రాక్ ఒక్కడే. గుంపంతా ఒక్కసారి మీదపడితే వాడికి చేతులాడవు. అందుకని కొండ మీది గేటు దగ్గర, ఫోన్ సిగ్నల్ దొరికే ఆ ఒక్క చోట నిలబడి, ఎవరికేం కావాలో జాగో ముందే చెప్పేస్తాడు.

ఆ రోజు మెరిన్‌ని అడిగాడు. "పీత శాండ్‌విచ్ చెప్పనా? మా పీతలు బాగుంటాయి. నీలాగే అడ్డంగా నడుస్తాయి."

పడ్డప్పుడు కాలు బెణికి కుంటుతున్న పిల్లకి ఒళ్ళు మండింది. "ఏదో ఒకటి చెప్పు బాబూ, నీ నస ఆపు!"

అంతే, పీతే చెప్పేశాడు, మళ్ళీ అడగలేదు. ఆదివారం రాగానే గేటు మీద మోచెయ్యి ఆనించి, "డెంజిల్‌కి కోడి పై, లవ్‌డే ఆంటీకి సూప్, మెరిన్‌కి మామూలే" అనేవాడు. ఆ మాట వినగానే మెరిన్ సముద్రం వైపు తిరిగిపోయేది. ఎర్రబడిన చెవులు మాత్రం నాకు కనిపించేవి. మూడేళ్ళు సాగిందీ భాగోతం.

"చూశారా ఆంటీ, ఎలా గుర్తుపెట్టుకున్నాడో!"

"నా సూప్ కూడా గుర్తుపెట్టుకున్నాడే పిల్లా. అయితే నేనూ పెళ్ళిబట్టలు కుట్టించుకోనా?"

"మీకు కుళ్ళు."

కుళ్ళు కాదు, భయం. ఆశ పెట్టుకోవడానికి దానికీ కారణాలు లేకపోలేదు. ఒకసారి పెద్ద వాన కొడుతుంటే జాగో ఆగి, దాని రెయిన్‌కోటు టోపీ తాళ్ళు లాగి గడ్డం కింద ముడేశాడు. "చెవుల్లో నీళ్ళుపోతే నా జోకులు ఎవరు వింటారు?" అన్నాడు. "వినకపోతే బతికిపోతా" అంది మెరిన్. ఆ ముడి ఇంటికెళ్ళేదాకా విప్పలేదని నాతో తనే చెప్పుకుంది. ఆ మాటకొస్తే నా టోపీకి వాడెప్పుడూ ముడెయ్యలేదు.

పోయిన అక్టోబరులో మెరిన్‌కి ఉత్తరాన ఎక్కడో దీవుల్లో సముద్రపు పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగం వచ్చింది. పిట్టలంటే దానికి పిచ్చి. చేరేదీ లేనిదీ సోమవారానికల్లా చెప్పాలి. ముందురోజు ఆదివారం, నడక మొదలవకముందే నా పక్కకి చేరింది.

"జాగో నన్ను 'వెళ్ళకు' అంటే ఉండిపోతాను ఆంటీ."

"అనకపోతే?"

"అంటాడు. ఇవాళ పబ్‌లో నేనే మొదలుపెడతాను."

కొత్త బూట్లు, కొత్త స్కార్ఫు, ఎప్పుడూ లేనిది పెదాలకి రంగు కూడా.

జాగో ఆ రోజు ఒంటరిగా రాలేదు. పక్కన ఒక అమ్మాయి ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు.

"మెరిన్, ఇదిగో ఇమోజెన్. మా కజిన్ పెళ్ళిలో కలిశాం, బ్రిస్టల్‌లో. నీ గురించి బోలెడు చెప్పాను."

"ఏం చెప్పావేంటి?"

"బురదలో పడ్డావని!"

మెరిన్ నవ్వింది. వెనకనించి నాకు నవ్వు వినిపించింది గానీ దాని వీపు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది.

గేటు దగ్గర జాగో ఫోన్ తీశాడు. తీసి, దాన్ని అరచేత్తో మూసి, ఇమోజెన్ వైపు తిరిగాడు.

"నీకేం చెప్పను?"

"ఏదైనా సరే."

"ఏదైనా కాదు, నీకేం తినాలనుంది? పైలో పుట్టగొడుగులుంటాయి, నీకు పడవు కదా. చలేస్తోందా? వేడిగా సూప్ చెప్పనా? చేప అయితే ముళ్ళు తీసిమ్మంటాను."

ఫోన్లోంచి పెట్రాక్ అరుపులు మాకూ వినిపిస్తున్నాయి. "ఆగవయ్యా, ఆలోచించుకోనీ!" అన్నాడు జాగో. ఆ గాలిలో మేమందరం పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాం. చివరికి ఇమోజెన్ చేప అంది. వాడి ముఖం వెలిగిపోయింది.

"హమ్మయ్య. పెట్రాక్, ఒక చేప, ముళ్ళు తీసి. మిగతావాళ్ళవి నీకు తెలిసినవే. మెరిన్‌కి మామూలే."

"నాకు మామూలు వద్దు" అంది మెరిన్.

"అదేంటి? మరేం కావాలి?"

"కోడి పై."

జాగో భుజాలెగరేసి అదే చెప్పాడు.

పబ్ గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో బల్ల చుట్టూ కూర్చున్నాం. పెట్రాక్ మెరిన్ ముందు రెండు పళ్ళేలు పెట్టాడు. "అలవాటమ్మా. చెయ్యి దానంతటదే పీత శాండ్‌విచ్ చేసేసింది."

"తినేయ్ మెరిన్, నీకు ప్రాణం కదా" అన్నాడు జాగో.

"నాకు పీతంటే ఇష్టం లేదు. ఆ వాసనే గిట్టదు."

"జోకా? మూడేళ్ళుగా తింటున్నావు!"

"తిన్నాను."

"మరి చెప్పొచ్చు కదా?"

"నువ్వు అడగొచ్చు కదా?"

ఇమోజెన్ తెలివైన పిల్ల. చేతులు కడుక్కొస్తానని లేచి వెళ్ళిపోయింది. డెంజిల్ తన పైలోకి తల దూర్చాడు.

జాగో గొంతు తగ్గించాడు. "ఇష్టం లేనిది ఎందుకు తిన్నావు?"

"నువ్వు గుర్తుపెట్టుకున్నావని. నువ్వంటే నాకు ఇష్టం జాగో. ఇవాళ చెబుదామనే వచ్చాను. చెప్పేశాను. ఇక నువ్వేం అనక్కర్లేదు."

"మెరిన్... ఒట్టు, నాకు తెలీదు."

"నీకు తెలీదని గేటు దగ్గరే తెలిసింది."

కోడి పై మొత్తం తినేసింది మెరిన్. చివరి ముక్కతో పళ్ళెం కూడా తుడుచుకుంది. వాడిని అక్కడే నాలుగు పీకాలనిపించింది నాకు. పీకి ఏం లాభం? వాడు అబద్ధమాడలేదు, మాట తప్పలేదు. తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు వెధవ.

గుమ్మంలో బూట్లు వేసుకుంటూ ఏడ్చింది మెరిన్. నేను పక్కన కూర్చుని నా తాళ్ళు కావాలనే మెల్లగా కట్టుకున్నాను.

"వెళ్ళకు అని నేను అననా పిల్లా?"

"మీరంటే సరిపోదు ఆంటీ."

"ఎక్కడికిప్పుడు, ఈ వానలో?"

"గేటు దగ్గరికి. వస్తున్నానని దీవుల వాళ్ళకి ఫోన్ చేస్తాను."

"సోమవారం దాకా టైముందిగా?"

"అప్పటిదాకా ఆగితే వచ్చే ఆదివారం మళ్ళీ ఇక్కడే ఉంటాను."

ఒక్కతే కొండెక్కింది. టోపీ ముడి తనే వేసుకుంది.

ఇప్పుడు జాగో గేటు దగ్గర ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాడు. డెంజిల్‌ని కూడా అడుగుతాడు, వాడు పై తప్ప ఇంకేం తినడని తెలిసినా. ఇమోజెన్ గాలికి వణుకుతూ ఓపిగ్గా నిలబడుతుంది. మంచి పిల్ల, దాన్ని అనడానికేం లేదు.

మొన్న ఆదివారం ఫోన్ చెవిన పెట్టుకునే నా వైపు తిరిగాడు. "మీకేం చెప్పమంటారు ఆంటీ?"

నాకు సూపే ఇష్టం. అయినా కావాలనే అన్నాను. "పీత శాండ్‌విచ్."

వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత సముద్రం వైపు తిరిగాడు. ఫోన్లో పెట్రాక్ హలో, హలో అంటూనే ఉన్నాడు.

"పీత ఒకటి" అన్నాడు.