ముగ్గురి నోటా ఒకే మాట

ఆ ఆదివారం పొద్దున కూడా సాలికా టీ తాగకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంది. గుండె ఆపరేషనయ్యాక బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, దిగులు పడకూడదు అని డాక్టరు మూడు నియమాలు పెట్టి ఇంటికి పంపాడు. మొదటి రెండూ సులువే. మూడోదానికి ఏం చెయ్యాలో తోచక, కోడలు జిబెక్ తన పాత కంప్యూటర్‌ను అత్తగారి కిటికీ దగ్గరికి చేర్చి, అందులో ఒక డిటెక్టివ్ ఆట పెట్టి ఇచ్చింది.

నిజానికి ఆ ఆటలంటే సాలికాకి ఒళ్లుమంట. "దొంగల్ని పట్టే కోడలికి మంచం కింద దుమ్ము మాత్రం కనపడదు" అని పెళ్లయిన కొత్తలో చుట్టుపక్కల అందరికీ చెప్పేది. ఇప్పుడు తనే మౌస్ పట్టుకుంది. బిష్కెక్ వీధుల్లో ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషి కదా, స్టీరింగ్ పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆటలో మంచు కురిసే కొండమీద ఒక సత్రం ఉంది. సత్రం యజమానిని ఎవరో చంపేశారు. కళ్లజోడు పెట్టుకున్న ఒక డిటెక్టివమ్మను గది గదికీ నడిపించి, హంతకుణ్ణి సాలికా పట్టుకోవాలి.

"ఆ సొరుగు తెరవండమ్మా," అంది జిబెక్ మొదటిరోజు.

"ఎవరిదో సొరుగు. అడక్కుండా తెరవమంటావేంటే?"

"మీరు డిటెక్టివ్. తెరవచ్చు."

"డిటెక్టివైతే మాత్రం మర్యాద ఉండక్కర్లేదా?"

ఆ మధ్యాహ్నమే, సత్రం వంటవాణ్ణి ప్రశ్నలడగాలంటే ముందు అతనికి ఓ గిన్నెడు టీ పోయాలని పట్టుబట్టింది. కెటిల్ మీద నొక్కింది, వంటవాడి మీద నొక్కింది, మళ్లీ కెటిల్ మీద నొక్కింది. 'ఇది ఇక్కడ పనికిరాదు' అని ఆట చెప్పింది. "టీ పనికిరాని చోటు ఎక్కడుందే లోకంలో!" అంటూ సాలికా కుట్లు నొప్పెట్టేదాకా నవ్వింది. జిబెక్ కూడా నవ్వినట్టు చేసి, వంటింట్లోకి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎందుకంటే సాలికా అక్క బుబుయ్రా నారిన్ కొండల్లో తన ఇంట్లో చనిపోయింది ఆ ముందురోజే.

బిష్కెక్ వైపు మా వాళ్లలో చావు కబురు ఫోన్లో చెప్పరు. పెద్దవాళ్లు నలుగురు కలిసి వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అయినదాన్ని మెల్లిగా మాటల్లో పెట్టి వినిపిస్తారు. అంతవరకు దాచడం తప్పుకాదు, అది ప్రేమే. కానీ ఆ పెద్దల్ని ఎప్పుడు పిలవాలో సాలికా కొడుకు ఎర్మెక్ తేల్చుకోలేకపోయాడు. ఈ వారం కాదు, కుట్లు మానాక అన్నాడు. కుట్లు మానాక, ఈ చలి తగ్గాక అన్నాడు. మంచి మనసున్నవాళ్లు చేసే చెడ్డపనులు ఇలాగే ఉంటాయి, రేపు రేపు అంటూనే పెరిగిపోతాయి. ఇక పోయినవాళ్ల పేర పెట్టే నలభయ్యోనాటి భోజనాలు ముంచుకొచ్చాయి. ఆఫీసు పని మీద నారిన్ వెళ్లాలని ఎర్మెక్ తల్లితో ఇంకో అబద్ధం చెప్పి ఉంచాడు.

ఆ ఆదివారం సాలికా ఆటలో ఒకచోట ఇరుక్కుపోయింది.

"ఇదిగో అమ్మాయ్, ఇలా రా. ఈ వంటవాడు 'అప్పుడు నేను కట్టెలు కొడుతున్నాను, ఏమీ వినలేదు' అన్నాడు. ఆ తోటమాలిదీ అదే మాట. ఈ ముసలాయనా అంతే. ముగ్గురూ మంచోళ్లలాగే ఉన్నారు. మరి ఎవర్ని పట్టుకోమంటావ్?"

జిబెక్ పిండి కలుపుతున్న చేతులతోనే వచ్చి తెర వైపు తొంగిచూసింది. ఈ ఆటలంటే ఆమెకి ప్రాణం. ఆ ఉత్సాహంలో ఏం అంటున్నదీ ఆలోచించుకోలేదు.

"అక్కడే ఉందమ్మా కిటుకు! నిజం చెప్పేవాళ్లు తలా ఓ రకంగా చెప్తారు. ఒకరు ముందుది మర్చిపోతారు, ఇంకొకరు లేనిది కలుపుతారు. ముగ్గురూ చిలక పలుకుల్లా ఒకే మాట అప్పజెప్పారంటే, ముందే కూర్చుని అనుకున్నారన్నమాట."

"ముందే కూర్చుని..."

"అంతే. వాళ్లనే మళ్లీ అడగండి. మధ్యలో కొత్త ప్రశ్న వెయ్యండి, తడబడతారు."

సాలికా మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కుర్చీని కిటికీ వైపు నుంచి బల్ల వైపు తిప్పుకుంది. "టీ పెట్టు. ఎర్మెక్‌ని కూడా రమ్మను," అంది.

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. జిబెక్ టీ పోసింది. సాలికా రొట్టె తుంచి మీగడలో ముంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఒరే, మీ పెద్దమ్మ ఎలా ఉందిరా?"

"సరస్సు దగ్గర ఆరోగ్యశాలలో ఉందమ్మా. అక్కడ ఫోను అందదు. తగ్గాక తనే చేస్తుంది."

"నువ్వు చెప్పు కోడలా. మా అక్క ఎలా ఉంది?"

జిబెక్ తల ఎత్తలేదు. "సరస్సు దగ్గర... ఆరోగ్యశాలలో... అక్కడ ఫోను..."

తను ఇందాక చెప్పిన పాఠం తనకే ఎదురొచ్చి నిలబడిందని ఆమెకి అప్పుడు తెలిసింది.

సాలికా తన ఫోను తీసి, అక్క కొడుకు తాలాయ్‌కి కలిపి, అందరికీ వినపడేలా బల్లమీద పెట్టింది.

"పిన్నీ! ఎలా ఉన్నారు? అమ్మ సరస్సు దగ్గర ఆరోగ్యశాలలో ఉంది పిన్నీ, అక్కడ ఫోను అందదు, తగ్గాక తనే..."

"నేనింకా అడగందే చెప్తున్నావేం నాయనా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు పాపం. సాలికా మెల్లగా అడిగింది.

"మందులు ఎవరు పట్టుకెళ్లారు? నీ పెళ్లామా, నువ్వా? తన ఊలు శాలువా తీసుకెళ్లిందా, ఇంట్లోనే ఉందా?"

"శాలువా ఇంట్లోనే ఉంది పిన్నీ..." అన్నాడు తాలాయ్. ఆ తర్వాత నలభయ్యేళ్ల మగాడు ఫోన్లో వెక్కివెక్కి ఏడవడం ముగ్గురికీ వినపడింది. ఎర్మెక్ చెయ్యి చాచి ఫోను ఆపేశాడు.

"డాక్టరే చెప్పాడమ్మా," అన్నాడు. "గుండె తట్టుకోదన్నాడు. నిన్ను కూడా పోగొట్టుకుంటానేమోనని..."

"డాక్టరు నా గుండె కోసి చూశాడు గానీ, అందులో ఎవరున్నారో వాడికేం తెలుసురా? నువ్వు నా కొడుకువి. నీకు తెలీదా?" సాలికా గొంతు పెరిగింది. "పక్కింటి సైరా వచ్చి, వెళ్తూ వెళ్తూ నా చేతులు పట్టుకుని 'ధైర్యంగా ఉండు' అంటే కుట్ల గురించనుకున్నాను. ప్రతి గురువారం పోయినవాళ్ల కోసం రొట్టెలు వేయిస్తున్నప్పుడు నువ్వు చేసే ప్రార్థన ఎప్పుడూ లేనంత పొడుగైంది. కొడుక్కి బుద్ధి వచ్చిందని మురిసిపోయాను. ఈ పిల్ల వంటింట్లోంచి ఎర్రటి కళ్లతో వస్తే ఉల్లిపాయలనుకున్నాను. వీధి వీధంతటికీ తెలుసు. తోడబుట్టిన నాకు తప్ప! ఎప్పుడు పోయింది?"

ఎర్మెక్ టీగిన్నె జరిపి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు పోయిందిరా?"

"నువ్వు ఇంటికొచ్చిన మర్నాడు. ఆ తర్వాతిరోజు మధ్యాహ్నం మట్టి చేశారు."

సాలికా కిటికీ దగ్గరున్న కంప్యూటర్ వైపు తిరిగింది. తెర మీద సత్రం అలాగే ఉంది, ఆ ముగ్గురు సాక్షులూ వరసగా నిలబడి ఉన్నారు.

"ఇది తెచ్చి పెట్టిన రోజేగా అది? ఆ మధ్యాహ్నమేగా వంటవాడికి టీ పోస్తానని నేను నవ్వింది?"

జిబెక్ అవునన్నట్టు తల వంచుకుంది.

"ఊళ్లో మా అక్కకి స్నానం చేయిస్తుంటే నేనిక్కడ పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ పోయాక అదే నాకు అమ్మ. నాకు జడలేసిన మనిషి అది. ఒసే జిబెక్, ఆటలో తప్పు చేస్తే వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టొచ్చని నువ్వే కదే నేర్పావు? నన్ను ఆ మధ్యాహ్నానికి పంపవే. నేను నవ్వను. గోడకి తిరిగి ఊరికే కూర్చుంటాను. పంపు!"

జిబెక్ కుర్చీలోంచి జారి అత్తగారి మోకాళ్ల దగ్గర కూలబడింది. "తప్పయిపోయిందమ్మా. మీరు నవ్వుతుంటే... మీరు బతుకుతారనిపించింది. అందుకే ఇంకా ఇంకా ఆడించాను. ఈ ఇంటికొచ్చాక మనిద్దరం పక్కపక్కన కూర్చున్నది ఈ ఆట దగ్గరేనమ్మా. చెప్పేస్తే అదీ పోతుందని కూడా భయపడ్డాను."

సాలికా ఆమెని తొయ్యలేదు, దగ్గరికీ తీసుకోలేదు. తల మీది స్కార్ఫు సరిచేసుకుని, నిటారుగా కూర్చుంది.

"నేను కనిపెట్టడం వేరు, మీరు చెప్పడం వేరు. ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. మా అక్క చావు నేను దొంగచాటుగా పట్టుకోవలసిన సంగతి కాదు. చెప్పాల్సిన తీరులో చెప్పండి."

ఎర్మెక్ లేచి తల్లి పక్కకి వచ్చి కూర్చున్నాడు. పెద్దలు ఇలాంటప్పుడు ఏమంటారో అతను చిన్నప్పటి నుంచి విన్నవాడే. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా... పుట్టినవాడు ఉండిపోడు..." అని మొదలుపెట్టాడు. అక్కడితో ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. పెద్ద ఉద్యోగస్తుడు, ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడే మనిషి, ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేక తల్లి భుజం మీద మొహం దాచుకున్నాడు.

అప్పుడు జిబెక్ చెప్పింది. అత్తింటి పెద్దల పేర్లు కోడలు నోటితో పలకకూడదు. పెళ్లయిన దగ్గర్నుంచి జిబెక్ ఆవిడని పెద్దమ్మ అనే అంది తప్ప పేరెత్తి ఎరగదు. ఆ రోజు రెండో చెయ్యి పట్టుకుని, అత్తగారి కళ్లలోకి చూస్తూ పలికింది.

"బుబుయ్రా పెద్దమ్మ మనకిక లేదమ్మా. నిద్రలోనే పోయింది. బాధపడలేదు. ముందురోజు కూడా మీ ఆపరేషన్ బాగా అయిందా అని నాకు ఫోన్ చేసింది. అయిందని చెప్పాను. 'హమ్మయ్య' అంది. నేను విన్న ఆఖరి మాట అదే."

సాలికా తల ఊపింది, ఇప్పుడు విన్నానన్నట్టు. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, చాప మీద కూర్చుని, అందరికీ వీపు పెట్టి గోడకి తిరిగింది. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. ఆమె గొంతులోంచి మొదట గాలి మాత్రమే వచ్చింది, తర్వాత పాట వచ్చింది. ఆడవాళ్లు ఇలాగే గోడకి తిరిగి కూర్చుని, పోయినవాళ్లని తలుచుకుని పాడే ఏడుపుపాట అది. అక్క గుర్రమెక్కించి వాగు దాటించిన సంగతి, ఉన్న ఒక్క బూట్ల జత తనకిచ్చి మంచులో నడిచిన సంగతి, ఒకటొకటే పాటలోకి వచ్చాయి. ఎర్మెక్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని విన్నాడు. డాక్టరు మాట గుర్తొచ్చింది గానీ తల్లిని ఆపడానికి అడుగు ముందుకు పడలేదు.

జిబెక్‌కి ఆ పాటలు రావు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. ఏం చెయ్యాలో తెలియక చాప చివర నిలబడి ఉంది.

సాలికా పాట మధ్యలో ఆపి, వెనక్కి తిరగకుండానే పక్కకి జరిగి చోటిచ్చింది.

"నువ్వూ వచ్చి కూర్చోవే," అంది. "నీ పెళ్లినాడు కోడలి గుర్తుగా నీ తలకి తెల్లగుడ్డ కట్టింది మా అక్కే కదా. ఇన్నాళ్లూ వంటింట్లో ఒక్కదానివే ఏడ్చావు. ఇప్పుడు నాతో ఏడువు."