కరిగిన జాయింటు

2002 మే నెల. మదనపల్లెలో డిటెక్టివ్ శోభారాణి ఆఫీసు తలుపు తీసీ తీయకముందే రెడ్డెమ్మ లోపలికొచ్చి పడింది.

"మా ఆయన మల్లప్పని స్టేషన్లో కూసోబెట్టినారమ్మా! పుంగనూరులో మోటర్లు రీవైండింగు చేస్తాడు. రెండేండ్ల కిందట కృష్ణప్ప బోరుకాడ వైరు జాయింటుకి కరెంటు తగలకుండా ఎపాక్సీ జిగురు పోసినాడు. మొన్న అది ముట్టుకుంటే కృష్ణప్పకి షాకు కొట్టింది. కుప్పం ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉండాడు. ఆయప్ప పోతే మా ఆయనకి జైలేనంట!"

"ఏడవద్దు, పద" అంది శోభారాణి. అసిస్టెంటు శేఖర్ అప్పటికే జీపు తీశాడు. మేడమ్ 'పద' అందంటే సగం కేసు తేలినట్టేనని అతని నమ్మకం.

బోరు దగ్గర కృష్ణప్ప అన్న గంగప్ప కొడవలితో గడ్డి కోస్తున్నాడు.

"ఏం జరిగిందప్పా?"

"ఏముండాది? మల్లప్ప పోసిన నాసిరకం ఎపాక్సీ ఎండకి కరిగి కారిపాయ. నా కండ్లతో సూసినా."

"కొడవలి పిడి కొత్తగా బిగించినట్టుందే?"

"వదులైతే మొన్న లక్క పోసి బిగించినా. యాల?"

"ఊరికే."

ఫీజు పీకించి, శోభారాణి కృష్ణప్ప జాయింటులో మిగిలిన ముక్క గిల్లి చూసింది. అన్ని వైపులా ఒకటే గోధుమరంగు. పక్క స్తంభానికి, రెండేళ్ల కిందట మల్లప్ప అదే రోజు పోసిన ఇంకో జాయింటు ఉంది. అది ఎండ తగిలే పైభాగం పసుపు తిరిగింది, నీడపట్టు తెల్లగానే ఉంది. గంగప్ప బోరుకు కరెంటు కట్ చేసి నెలయిందట. అయినా అతని మడి తడిగానే ఉంది! ఇవన్నీ శేఖర్ కూడా చూశాడు. చూసి ఏం లాభం, అర్థం కావద్దూ?

మర్నాడు ఎస్సై మల్లప్పను తీసుకొచ్చాడు. అందరి ముందూ శోభారాణి రెండు జాయింట్ల ముక్కల్నీ చెరో గరిటెలో వేసి స్టవ్వు మీద పెట్టింది. స్తంభం మీది ముక్క మాడి నల్లబడింది గానీ కరగలేదు. కృష్ణప్ప బోరుది పాకంలా కారి గుప్పున లక్క వాసన కొట్టింది.

"గట్టిపడ్డ ఎపాక్సీ మాడుతుందే గానీ కరగదు. నువ్వు కరగడం చూసింది నిజమే గంగప్పా, కరిగింది నీ లక్క. తమ్ముడి జాయింటు పగలగొట్టి నీ మోటరుకు దొంగ వైరు లాగావు. పాత ఎపాక్సీలా కనబడాలని లక్క పూశావు; కానీ రెండేళ్ల ఎండకి పైభాగమే రంగు మారాలి, నీది అన్ని వైపులా ఒకటే రంగు. రెండు మోటర్ల లోడుకు వైరు వేడెక్కి లక్క కారిపోయింది, తీగ బయటపడింది."

"అబద్ధం! నాకేం తెలీదు!" అన్నాడు గంగప్ప.

అప్పుడే బస్సు దిగి కృష్ణప్ప భార్య సుశీలమ్మ పరుగున వచ్చింది. ఇక్కడి సంగతేదీ ఆమెకు తెలియదు.

"బావా, ఆయన కండ్లు తెరిసినాడు! మాట రాంగానే నీ గురించే చెప్పినాడు. 'ఆ జాయింటు ముట్టద్దని మా అన్నకి చెప్పిరాపో' అని నన్ను తరిమినాడు."

గంగప్ప అక్కడే కూలబడి ఘొల్లుమన్నాడు. "నేనే తల్లీ... వాన్ని సంపబోయింది నేనే."