తొవ్వ అడిగే మనిషి

ఎయిర్‌పోర్టు గోడ వెంబడి పాల్మాకులకు ఒక వెనుక తొవ్వ ఉన్నది. గోడ మలుపు తిరిగే కాడ, కప్పు లేని ఇల్లొకటి. పొద్దు గూకినంక ఆ ఇంటి ముచ్చట ఎవ్వరూ ఎత్తరు. ఆటోవాళ్లయితే ఆ మలుపుల హారన్ గూడ కొట్టరు. కొడితే చెయ్యెత్తుతడంట...

ఎవరంటరా? గదే గదా ముచ్చట!

ఒక మగమనిషి. కింద పెద్ద పెట్టె. పెట్టె మీద కూసోని ఉంటడు. బండి ఆగిందనుకో, లేచొచ్చి, మెల్లగ, మర్యాదగనే అడుగుతడు — "అన్నా, జర మా ఊరికి తొవ్వ చెప్తవా?"

ఊరి పేరు గూడ చెప్తడు. ఆ పేరు ఇన్నోనికి తెల్లారేసరికి జరం. ఎందుకంటే ఆ ఊరు లేదు. ఎయిర్‌పోర్టుకు భూములు తీసుకున్న కాలంల ఊరికి ఊరే లేచిపోయింది. గోడకు బయట పడి మిగిలింది ఆ ఒక్క ఇల్లే. మిగిలిన ఊరంతా ఇప్పుడు విమానాలు దిగే సిమెంటు కింద ఉన్నది.

నమ్మేటోళ్లు నమ్ముండ్రి. నమ్మనోళ్లు చీకటి పడ్డంక ఆ తొవ్వన ఒక్కసారి పోయి రాండ్రి, నాకేంది! నాకు చెప్పింది శివశంకర్. కారు కిరాయికి తిప్పుకునే మనిషి. ఆ రాత్రి స్టీరింగ్ పట్టింది ఆయనే. ఆయన కల్లు తాగుతడు గని, అబద్ధమాడడు.

ఆ లేచిపోయిన ఊరి ఆడమనిషే మన ప్రేమమ్మ.

ప్రేమమ్మకు దెయ్యమంటే భయం లేదు. "దెయ్యం లేదు, మన్ను లేదు. ఆ జాగ అగ్గువకు కొట్టేద్దామని ఎవడో దొంగోడు పుట్టించిండు," అని కొట్టిపారేసేది. ఆమె భయపడేది ఒక్కదానికే... తన కోపానికి. ఒకసారి లేచిందంటే అది ఆమె మాట గూడ ఇనదు.

ఆ రాత్రి విమానం దిగి కార్ల కూసున్నప్పుడు, ప్రేమమ్మ మొఖం చూసి శివశంకర్ పాటలు బంద్ చేసిండు.

ముందు సీట్ల కొడుకు వినోద్ కుమార్. వెనుక ఒక దిక్కు కోడలు జూలీ, నడుమ మనవరాలు షెకీనా, ఇంకో దిక్కు ప్రేమమ్మ. ఆమె ఒళ్లె పచ్చడి డబ్బా. డబ్బా నిండ మట్టి.

బడి సెలవులని అందరు కలిసి మస్కట్ పోయొచ్చిండ్రు. ఆడ జూలీ అన్న జయశీలన్ ఉంటడు. "అత్తమ్మా, మీరు గూడ రావాలె," అని జూలీనే బతిమాలింది. ప్రేమమ్మ ఎందుకు ఒప్పుకున్నదో ఇంట్ల అందరికి తెలుసు. కోటలు చూడనీకి గాదు. బజార్ల అత్తరు కొననీకి గాదు.

పెనిమిటి సమాధి చూడనీకి.

ఇమ్మాన్యుయేల్ తాపీ పని మనిషి. ఊరు లేచిపోయినంక, పని దొరక్క మస్కట్ పోయిండు. ఈడ ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిచిన ఏడాదే, ఆడ ఛాతీల నొప్పొచ్చి పోయిండు. మేస్త్రి ఫోన్ చేసి, "అమ్మా, ఈడ్నే ప్రార్థన చేసి సమాధి చేసినం," అని చెప్పిండు. గంతే! ఒక మనిషి బతుకు గంత చిన్న ఫోన్ల అయిపోయింది.

సొంతోళ్ల చేతి మట్టి పడని మనిషి నిద్రపోడని మా దిక్కు అంటరు. గుడికి పోయేటోళ్లైనా గంతే, చర్చికి పోయేటోళ్లైనా గంతే. అందుకే ప్రేమమ్మ పోయే ముందట ఆ కప్పు లేని ఇంటి కాడికి పట్టపగలు పోయి, తమ ఊరి మట్టి డబ్బాకెత్తుకున్నది. మూడు పిడికిళ్లు తన చేతితోని ఆయన మీద వెయ్యాలె. ఇగ దేవుడు పిలిచినా పోవచ్చు అనుకున్నది.

పోయినంక ఏమైంది? మొదటి రోజు కోట. "రేపు పోదాం అమ్మా," అన్నడు వినోద్. మర్నాడు ఆమెను పిల్లతోని ఇంట్ల కూసోబెట్టి యాడికో పోయొచ్చిండు. తర్వాత డాల్ఫిన్ల పడవ. "రేపమ్మా." ఎడారిల జీపు. "రేపు పక్కా." ఆఖరి రోజు ప్రేమమ్మ తెల్లచీర కట్టుకొని, డబ్బా పట్టుకొని తలుపు కాడ నిలబడితే, జయశీలన్ అందరినీ తీస్కపోయి షాపింగ్ మాల్ల దించిండు. ఆ తెల్లచీరతోనే ఆమె కదిలే మెట్ల మీద నిలబడ్డది. కొడుకు ఆమె కండ్లల్లకు చూడలేదు.

విమానంల అన్నం పెడితే ముట్టలే. "నానమ్మా, తిను," అని పిల్ల గడ్డం పట్టుకున్నా నోరు తెరవలే.

"శివా," అన్నదిప్పుడు. "వెనుక తొవ్వన తిప్పు."

శివశంకర్ కారు జర నెమ్మది చేసిండు. "పెద్దమ్మా... హైవే మీద పోదాం. మంచి తొవ్వ."

"వెనుక తొవ్వన తిప్పమన్న!"

"ఎందుకమ్మా?" అన్నడు వినోద్.

"మనిషి పేరు మీద తీసిన మట్టి ఇంట్లకు తేవద్దు. తీసిన కాడనే పొయ్యాలె. నీకు తెల్వదు. నీకేం తెల్సు? డాల్ఫిన్లు తెల్సు!"

జూలీ మెల్లగ అన్నది — "అత్తమ్మా, రేపు పొద్దుగాల పోయి..."

"రేపు!" ప్రేమమ్మ గొంతుకు షెకీనా ఉలిక్కిపడి లేచింది. "ఇంకోసారి ఎవరన్న రేపు అంటే ఇట్లనే దిగి నడిచిపోత. పది దినాలు రేపు, రేపు అని నన్ను ఆడించిండ్రు. నేనేమన్న బంగారం అడిగిన్నా? చీరెలు అడిగిన్నా? కట్టుకున్నోని మీద పిడికెడు మట్టి వేస్త అన్న!"

శివశంకర్ కారు తిప్పిండు.

గోడ మొదలైంది. లైట్లు వెనుకబడ్డయి. ఒక దిక్కు గోడ, ఒక దిక్కు తుమ్మచెట్లు... నడుమ కారు. నెత్తి మీద నుంచి ఒక విమానం బుర్రున దిగిపోయింది. దాని వెలుగుల మలుపు కనబడ్డది. ఇల్లు కనబడ్డది.

"ఆపు."

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత..."

"ఆపు అన్న!"

కారు ఆగింది. ప్రేమమ్మ డబ్బా పట్టుకొని దిగింది. "అమ్మా, ఉండు," అని వినోద్ ఎనుకనే దిగిండు గని, ఆమె అప్పటికే గోడ పక్క పొంటి నాలుగంగల్ల పోయింది. శివశంకర్ లైట్లు ఆర్పలేదు. అద్దాలు సగం ఎక్కించి, యేసయ్యా, పోశమ్మా అని ఇద్దరినీ మొక్కుకుంటున్నడు.

ప్రేమమ్మ డబ్బా మూత తీసింది. వంగింది...

"అమ్మా... జర తొవ్వ చెప్తవా?"

గొంతు ఇంట్ల నుంచి వచ్చింది. కప్పు లేని ఇంట్ల, గోడకు ఆనుకొని పెట్టె. పెట్టె మీద మనిషి. మొఖం చీకట్ల ఉన్నది. మోకాళ్ల మీద చేతులు మాత్రం కనబడుతున్నయి. సున్నం తిన్న చేతులు.

ఎవరన్న అయితే చచ్చేటోళ్లు. ప్రేమమ్మకు మండింది.

"ఎవడ్రా నువ్వు? యాడికి తొవ్వ?"

ఆయన ఊరి పేరు చెప్పిండు.

"ఛీ! లేని ఊరి పేరు చెప్పి మంది పానాలు తీస్తున్నవా? ఆ ఊరు పోయిన గోస మాకు తెలుసు, నీకేం తెలుసురా? ఎవడు పంపిండు నిన్ను?"

ఆయనకు కోపం రాలే. అలిసిపోయినోని లెక్క అన్నడు — "నాకు గా పేరే తెలుసమ్మా. గదే చెప్పిన. విమానం దిగినంక... ఎవ్వరూ రాలే."

ప్రేమమ్మ ఇంకో మాట అనబోయింది. అంతల వెనుక ధబ్బున చప్పుడైంది. చూస్తే వినోద్ మోకాళ్ల మీద పడ్డడు. అంత మొగోడు, చిన్నపిల్లగాని లెక్క ఆమె కొంగు పట్టుకున్నడు.

"అమ్మా... పొయ్యకు. మట్టి పొయ్యకు."

"లే! ఏమైందిరా నీకు?"

"నేను పోయిన అమ్మా. రెండో నాడు ఒక్కన్నే పోయిన. ముందుగాల చూసొచ్చి, నిన్ను తీస్కపోదామని. ఆ సమాధుల తోటంతా తిరిగిన. బాపు లేడు."

"లేడంటే?"

"బాపుతోని పనిచేసిన ఒక మలయాళీ ముసలాయనను పట్టుకున్న. ఆయన ఏడ్సిండు. 'మేం ఈడ పెట్టలేదు బాబూ. పెట్టెల పెట్టి ఇంటికి పంపినం. నేనే మోసిన,' అన్నడు." వినోద్ మొఖం తుడుసుకున్నడు. "హైదరాబాదుల దిగినంక ఆ ఊరు యాడుందో ఎవ్వరికీ దొరకలేదంట. తీస్కపోనీకి ఎవ్వరూ రాలేదని ఆ మేస్త్రికి కబురొచ్చిందంట. మేస్త్రి భయపడి మనకు అబద్ధం చెప్పిండు. ఆ తర్వాత పెట్టె ఏమైందో ముసలాయనకు గూడ తెల్వది. నీకెట్ల చెప్పాలె అమ్మా? సమాధి లేదని ఎట్ల చెప్పాలె? నన్ను తిట్టుకుంటే తిట్టుకో అని..."

ప్రేమమ్మ డబ్బాను రొమ్ముకు అదుముకున్నది.

ఊరు దొరకలేదంట! విమానం దిగిందే ఆ ఊరి మీద. ఆయన దున్నిన చెల్క మీదనే చక్రాలు ఆనినయి. ఆయన పుట్టిన ఇంటి మీదనే పెట్టె దించిండ్రు. దించి, ఈ ఊరు యాడుందని అడుగుతరా? వాళ్ల నోట్ల మన్ను పడ!

"ఊరు మింగినోళ్లకు ఊరు యాడుందో తెల్వదా?" అని ఆమె గోడ దిక్కు తిరిగి అరిచింది. అరుపుకు గోడవతల కుక్కలు లేచినయి. మేస్త్రిని తిట్టింది. వాని ఏడు తరాలను తిట్టింది. కొడుకును తిట్టింది — "నా కండ్లకు అడ్డం నిలబడుతవా? నేను ఏడ్వలేననుకున్నవా?" అని ఈపుల రెండు గుద్దులు గుద్దింది. ఆఖరికి పెట్టె దిక్కు తిరిగింది.

"ఏమయ్యా వినోదు బాపూ! నీకు నోరు లేదా? మేం ఈడ పాల్మాకులల కిరాయింట్ల ఉన్నం గదా. పాల్మాకుల అని చెప్పనీకేమైంది? లేని ఊరి పేరు చెప్పుమని నీకు ఏ గాడిద చెప్పింది?"

ఆ మాట అనంగనే ఆమె నోరు టక్కున మూతపడ్డది. ఎందుకో శివశంకర్‌కు అప్పుడు సమజ్ కాలే.

పెట్టె మీది మనిషి తల వంచుకున్నడు. "ప్రేమా," అన్నడంట.

వినోద్ డబ్బా అందుకోబోయిండు. "అమ్మా, ఇప్పుడన్న వెయ్. మూడు పిడికిళ్లు వెయ్. బాపు పండుకుంటడు."

ప్రేమమ్మ డబ్బా మూత బిగించింది.

"పండుకుంటడా? గింతకాలం ఈడ చలిల, వానల కూసుండి, వచ్చేటోన్ని పోయేటోన్ని తొవ్వ అడుక్కుంటే, మనం ఆయనను దెయ్యమని దూరం ఉరికినం. ఇప్పుడు తొవ్వ పక్కన మట్టేసి పండుకోబెట్టాల్నా? ముందుగాల ఇంటికి రానీ. అన్నం తిననీ. పండుకునుడు తర్వాత." పెట్టె దిక్కు చెయ్యి సాపింది. "లే! లేస్తవా, లేవవా? కారుకు లేటైతున్నది."

వెనుక తలుపు తెరిచి, "జరుగుండ్రి," అన్నది.

జూలీ పిల్లను ఒళ్లెకు గుంజుకొని ఆ చివరకు జరిగింది. ప్రేమమ్మ నడుమల కూసున్నది. తన పక్కన జాగ ఇడిసిపెట్టింది. తలుపు... దానంతట అదే మెల్లగ పడ్డది.

"కారు వెనుకకు కుంగిందన్నా," అని శివశంకర్ నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. "నిండ మనుషులెక్కినట్టు కుంగింది. నేను అద్దంల చూడలే. పాల్మాకుల దాక చూడలే. ఆ పిల్ల ఒక్కతే అటు దిక్కు చూస్కుంట, 'నానమ్మా, తాత చేతులకు సున్నమెందుకున్నది?' అని అడిగింది. వినోదన్న ముందు సీట్ల ఏడుస్తనే ఉన్నడు. ఆమె మాత్రం ఇంటి దాక తిట్టుకుంటనే వచ్చింది."

ఆ రాత్రి నుంచి ఆ మలుపుల ఎవ్వరూ చెయ్యెత్తలే. ఆటోవాళ్లు ఇప్పుడు ధైర్యంగ హారన్ కొడుతున్నరు.

ప్రేమమ్మ ఇంటి ముందట నుంచి పోయేటోళ్లే నడక జోరు పెంచుతున్నరు. కొడుకు కోడలు డ్యూటీలకు, పిల్ల బడికి పోయినంక గూడ ఆ ఇంట్ల లొల్లి ఆగదు. "నీళ్లు పోసుకో, ఒళ్లంత దుమ్ము," అని ఒకసారి. "ఇంకింత ఏసుకో, తిను," అని ఒకసారి. "పక్కూరి పేరు చెప్పనీకి నోరు రాలేదా నీకు? గా పేరు ఎందుకు చెప్పినవయ్యా, ఎందుకు చెప్పినవ్?" అని రోజుకు పదిసార్లు.

మొన్న శివశంకర్, కార్ల మర్చిపోయిన షెకీనా టోపీ ఇద్దామని పోయిండు. తలుపు కొట్టబోయి ఆగిండు. లోపల ప్రేమమ్మ గొంతు చినిగేటట్టు తిట్టి తిట్టి... ఉన్నట్టుండి ఏడ్సుడు మొదలుపెట్టింది. ఆమె ఏడ్వంగ ఆయన ఎన్నడు ఇనలే. ఇంట్ల ఇంకెవ్వరూ లేరు. బయట చెప్పులు గూడ ఆమెయి ఒక్కటే ఉన్నయి.

అప్పుడు ఒక మగగొంతు, చాన మెల్లగ, కోపం లేకుండ అన్నది —

"ఊరు పోయినా పేరు పోనియ్యద్దు, ఎవరడిగినా మనూరి పేరే చెప్పు అని... ఒట్టేయించుకొని విమానమెక్కించింది నువ్వే గదనే, ప్రేమా."