ఏడు సీసీలు ఎక్కువ

"లేడీస్ క్లాస్‌ల మీరొక్కరే ఉన్నరు మేడం. చివరిదాకా నడిపితే చాలు, కప్పు మీదే," అన్నాడు వీరేందర్, ఫారం మీద ముద్ర వేయబోతూ.

ఆ అమ్మాయి ఫారాన్ని అతని చేతి కింది నుంచి లాగేసుకుంది.

"ఒక్కదాన్నే ఉరికి ఫస్ట్ వచ్చుడేంది సార్? నడుసుకుంట పోయినా ఫస్టే కదా!"

'లేడీస్' అన్న మాట కొట్టేసి, 'ఎనిమిది వందల సీసీ లోపు' అని రాసి తిరిగిచ్చింది. పేరు రోజీ. ఊరు మచ్చ బొల్లారం. వెనుక పాత తెల్ల మారుతి 800కు ఆనుకుని ఆమె తండ్రి, మెకానిక్ ఎలీషా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అది 2002 ఆగస్టులో రెండో శనివారం. శామీర్‌పేట దాటాక ఉన్న ఖాళీ మైదానంలో ఓ చిన్న కార్ల క్లబ్ పందెం పెట్టింది. వీరేందర్ కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో క్లబ్ తరఫున కార్లు తనిఖీ చేస్తాడు. ఏ ఇంజన్ ఏ క్లాసులో పరుగెత్తాలో చెప్పే పద్నాలుగు పేజీల నిబంధనలు కూడా అతనే రాశాడు. వాటిలో వేలు పెట్టే సందు లేదని అతని ధీమా.

ఫారంలో ఒక గడి ఉంది: ఇంజన్‌కు చేసిన మరమ్మతులు. అక్కడ అందరూ 'లేవు' అని రాసేవారు. రోజీ మాత్రం గుండ్రటి అక్షరాలతో రాసింది: 'సిలిండర్లు అరిగితే లోపల చెక్కి బోర్ చేసినం. ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసినం.'

వీరేందర్ క్యాలిక్యులేటర్ తీశాడు. రెండుసార్లు లెక్క వేశాడు.

"సారీ మేడం. సిలిండర్లు అర మిల్లీమీటరు పెద్దగైనయి. ఇప్పుడు మీ ఇంజన్ ఎనిమిది వందల ఏడు సీసీ. పై క్లాసుకు పోవాలె."

"పై క్లాసుల అన్నీ వెయ్యి సీసీ జెన్ బండ్లు!"

"అవును."

"ఏడు సీసీలు అంటే ఎంత సార్? దగ్గు మందు మూతెడు గూడ కాదు."

"రూల్ అది మేడం."

"మీ రూలు కొత్త కారు కొనుక్కున్నోని కోసమే రాసినట్టుంది. పాత బండి బాగు చేసుకుంటే తప్పా?"

వీరేందర్ ఫారంలో క్లాసు మార్చాడు. ముద్ర వేశాడు. ఆమె కళ్లు ఒక్క క్షణం అతని మీద ఆగాయి. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

పందెం మొదలైంది. ఎర్ర శంకువుల మధ్య మలుపులు తిరిగి, దుమ్ము లేపుకుంటూ జెన్‌లు ఒక్కొక్కటే వెళ్లొచ్చాయి. తర్వాత ఆ పాత మారుతి బయలుదేరింది. నేరుగా ఉన్నచోట దానికి బలం లేదు. మలుపుల్లో మాత్రం రోజీ బ్రేకును తాకీ తాకనట్టు తాకి, బండిని శంకువుల పక్క నుంచి బెత్తెడు దూరంలో జారుస్తుంటే, టైమ్ రాసుకోవాల్సిన వీరేందర్ కలం ఎత్తిపట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏం సార్, టైమ్ నోట్ చేస్తున్నవా, బండి ఏసే ముగ్గు చూస్తున్నవా?" అన్నాడు పక్కన జెండా పట్టుకున్న క్లబ్ కుర్రాడు బాలేష్.

ఎనిమిది వందల సీసీ కార్లన్నిటికంటే ఆమె టైమ్ మెరుగు. కానీ ఆ క్లాసు ఆమెది కాదు. జెన్‌లలో నాలుగో స్థానం వచ్చింది. కప్పులు ముగ్గురికే.

క్లబ్ అధ్యక్షుడు లింగస్వామి మైకులో పిలిచాడు. "లేడీస్ ట్రోఫీ, మిస్ రోజీ! ఫొటో కోసమన్నా రా తల్లీ."

ఆమె వెళ్లి నమస్కారం పెట్టింది. "వద్దు సార్. ఎవరిని ఓడగొట్టిన్నని తీసుకోవాలె?"

చప్పట్లు మొదట ఒకరిద్దరివి, తర్వాత అందరివీ.

అప్పుడే చినుకులు పడ్డాయి. టెంటు కింద టైర్లు సర్దుతున్న ఆమె దగ్గరికి వీరేందర్ గొడుగు తీసుకుని వెళ్లాడు. తెరవడం మరిచిపోయాడు.

"మేడం, ఆ గడి ఖాళీగ వదిలేస్తే నాకు తెల్వకపోతుండె. ఎందుకు రాసిండ్రు?"

ఆమె చేతిలోని టైరు కింద పెట్టింది.

"అమ్మను దవఖానకు తిప్పీ తిప్పీ ఈ ఇంజన్ పోయింది సార్. అమ్మ గూడ పోయింది. ఆర్నెల్లు నాయిన షెడ్డు తెరవలే. తెరిచినంక మొదటి పని ఇదే, తన చేతులతోటి బోర్ చేసిండు. ఈ బండి గెలిస్తే నాయిన మళ్లా మనిషైతడని నా ఆశ. గట్లని నాయిన పనినే దాచిపెట్టి గెలుస్తనా?"

వీరేందర్ తలవంచుకున్నాడు. ఎవరూ అదనపు బలం దొంగతనంగా తెచ్చుకోకూడదని రాసిన రూలు, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషినే పట్టుకుంది.

క్లబ్ మీటింగుల్లో మూడు వారాలు కొట్లాడాడు. "అరిగిన ఇంజన్‌కు చేసే మొదటి బోర్ మరమ్మతే. ఆ కారు సొంత క్లాసులోనే ఉండాలె," అన్నాడు. చివరికి ఒప్పుకున్నారు, కానీ అయిపోయిన పందెం ఫలితం మార్చేది లేదన్నారు. అది న్యాయమేనని అతనికీ తెలుసు.

కొత్త పేజీ పట్టుకుని మచ్చ బొల్లారం షెడ్డుకు వెళ్లాడు. రోజీ కారు కింద నుంచి బయటికొచ్చింది. ముక్కు మీద గ్రీజు. చదివింది. మళ్లీ చదివి తండ్రికిచ్చింది.

"నాయినా, వచ్చే పందెంల మన బండి మన క్లాసులనే!"

ఎలీషా కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, గోడ మీది రెంచీలన్నీ దించి తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకో మాట మేడం. వచ్చేసారి మీ కారు నేను చెక్ చేయను. మా క్లబ్ల గౌరయ్య సార్ చేస్తడు. క్లబ్‌కు రాసిచ్చిన."

రోజీ ముఖం వాడింది. "ఎందుకు? నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది. నా మీదనే లేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్ని చూసుకుంట కొలిస్తే నా కొలత సక్కగ రాదు. ఇష్టపడ్డ మనిషి బండికి నేను మార్కులేసుడు మిగతావాళ్లకు అన్యాయం."

షెడ్డులో రెంచీల చప్పుడు ఆగిపోయింది.

"గిదే మాట క్లబ్‌కు గూడ రాసిండ్రా?" అంది రోజీ నెమ్మదిగా.

"కారణం రాయాలని రూల్ ఉంది."

"అయ్యో దేవుడా! నాకంటె ముందు లింగస్వామి సార్‌కు తెలిసిందా?" ఆమె నవ్వు ఆపుకోలేక చేతిలోని గుడ్డను ముఖానికి అడ్డం పెట్టుకుంది. గ్రీజు బుగ్గలకు కూడా అంటింది. "సరే. గౌరయ్య సారే కొలవనీ. మీరు మాత్రం మలుపు కాడ నిలబడుండ్రి, నాకు కనిపించేటట్టు."

ఎలీషా రెంచీ కింద పెట్టి వీరేందర్ దగ్గరికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత గొంతు విప్పినట్టుంది అతని మాట.

"మీ ఇంట్ల చెప్పినవా బిడ్డా?"

"మా అమ్మకు చెప్పిన. మిమ్మల్నిద్దర్ని ఆదివారం భోజనానికి తోలుకరమ్మన్నది."

"ఆదివారం మేం చర్చికి పోతం."

"చర్చి అయినంకనే రమ్మన్నది. అప్పటిదాక తను గూడ తినదంట."

ఎలీషా కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది, నవ్వు దించుకోలేదు.

"అయితె ఆమెను ఆకలితోటి కూసోబెట్టొద్దు," అన్నాడు ఎలీషా. "ప్రార్థన అయినంక సీదా మీ ఇంటికే వస్తం."