పప్పు మెచ్చుకున్న గవర్రాజు

తెర మీద ఇద్దరు గవర్రాజులు కూర్చుని ఉన్నారు. అసలు గవర్రాజు, అంటే మా ఊరి దర్జీ, వాళ్లకెదురుగా కుర్చీలో కూర్చుని, ఇద్దరి చొక్కాలకీ కాలరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాడు. లివర్ క్యాన్సర్ ముదిరింది, ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. అయినా చూపు కాలరు మీదే.

ఆ యంత్రం పేరు జంట. మనిషి రక్తం, స్కానింగులు, నెల్లాళ్ల మాటా తీరూ అందులోకి ఎక్కిస్తే అచ్చం అలాంటి మనుషుల్ని ఇద్దర్ని తయారుచేస్తుంది. ఒకరికి ఒక వైద్యం, రెండోవారికి ఇంకోటి ఇచ్చి, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటారో గంటలో చూపిస్తుంది. వెంట వచ్చిన మా సర్పంచి గారు ఇదంతా శ్రద్ధగా విని, ఆ గదిలో ఏసీ ఎన్ని టన్నులని అడిగారు.

డాక్టర్ నిఖత్ ఓపిగ్గా చెప్పింది. "ఎడమవైపు ఆయనకి రేడియేషన్ పూసలు. ఇసక రేణువంత కూడా ఉండవు. తొడ దగ్గర రక్తనాళంలోంచి లివర్‌కి పంపిస్తే గడ్డ దగ్గరే ఆగి, దాన్నే కాలుస్తాయి. కుడివైపు ఆయనకి రోజూ మాత్రలు. అవి ఒళ్లంతా తిరిగి గడ్డ పెరగకుండా పట్టి ఉంచుతాయి. ఈయన విషయంలో ఆయుష్షు రెండిటికీ ఇంచుమించు ఒకటే. ఆ రోజులు ఎలా గడుస్తాయన్నదే తేల్చుకోవాలి."

గంట అయ్యాక, ఆర్నెల్ల వైద్యం పూర్తయిన తెర మీది ఇద్దరివైపు తిరిగింది. "గవర్రాజు గారూ, ఎలా ఉన్నారు?"

"మీ దయ వల్ల బాగానే ఉన్నానండి," అన్నారు ఇద్దరూ.

"నొప్పి? నీరసం?"

"అబ్బే, ఏం లేదండి."

మా ఊళ్లో డాక్టరు ఎదట బాధలు ఏకరువు పెట్టడం మర్యాద కాదు. ఊరంతటికీ చెప్పుకుంటాం, డాక్టరుకి తప్ప. కోట్లు పోసి చేసిన యంత్రం ఆ మర్యాద కూడా పొల్లుపోకుండా దించేసింది.

నిఖత్ తల పట్టుకుంది. గవర్రాజు భార్య నాగరత్నం ముందుకొచ్చింది. "నా తోటకూర పప్పు వీళ్లకి పెట్టగలవా అమ్మా?"

కొలతలు చెబితే ఎక్కించారు.

"ఏవండీ, పప్పెలా ఉంది?"

ఎడమవైపు గవర్రాజు మొహం చిట్లించాడు. "కాడలు ఉడకలేదు. ఉప్పు ఎవరికి దాచావే?"

కుడివైపాయన చేతులు ఒళ్లో దాచుకుని నవ్వాడు. "చాలా బాగుంది, రత్నం."

నాగరత్నం కళ్లొత్తుకుంది. "పూసలే వేయించమ్మా."

"మెచ్చుకున్నది మాత్రల ఆయన కదండీ?"

"ముప్పయ్యారేళ్లలో ఒక్కసారి మెచ్చుకోలేదు. ఆ మనిషికి నాలికకి రుచి పోయింది. నేను బాధపడతానని దాస్తున్నాడు. ఆ చేతులు కూడా చూడు."

చూస్తే కుడివైపాయన నోరంతా పుళ్లు, అరచేతులు పొట్టు లేచి కత్తెర పట్టలేని స్థితిలో ఉన్నాయి. "మాత్రలు అందరికీ ఇలా చేయవు," అంది నిఖత్. "ఈయన ఒంటికి పడవు, అంతే." అసలు గవర్రాజు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

పూసలు వేశారు. నెల్లాళ్లు నీరసపడ్డాడు. తర్వాత మిషను తొక్కాడు, నా జాకెట్టు ఎప్పట్లాగే బిగుతుగా కుట్టాడు. గడువు గడువే, అది మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం నేను ఊరికే వాళ్లింటికి వెళ్లాను. నాగరత్నం తోటకూర పప్పు వడ్డిస్తోంది. నాకూ పెట్టింది. నిజం చెప్పాలి, అంత రుచిగా ఆవిడ ఎన్నడూ వండలేదు. గవర్రాజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఏదో అనబోయాడు. ఎదురుగా నాగరత్నం గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన కంచం ముందుకు జరిపి, ఇంకో రెండు గరిటెలు వేయమన్నాడు.