అమ్మమ్మకు దరఖాస్తు

ఐదో తరగతి గదిలో చప్పట్లు మోగుతున్నాయి. టీచరమ్మ ఒక కాగితం పైకెత్తి చూపించింది.

"దరఖాస్తు అంటే ఇలా ఉండాలి. తేదీ ఉంది, విషయం ఉంది, అడగాల్సింది సూటిగా అడిగింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు."

ఆ కాగితం ఉడుతది. ఉడుత అంటే తోక ఉన్న ఉడుత కాదు, మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి. రెండు నిమిషాలు కుదురుగా ఉండదని వాళ్ల అమ్మమ్మ పెట్టిన పేరది. తరగతిలో ఫ్యాను పాడైతే బాగు చేయించమని హెడ్‌మాస్టరుకు రాసింది. మూడు రోజుల్లో ఫ్యాను తిరిగింది. పెద్దవాళ్లు రాసే దరఖాస్తులకు మూడేళ్లయినా ఏదీ తిరగదు, ఆ గోల మనకెందుకు గానీ, ఉడుత కళ్లు మాత్రం నెత్తికెక్కాయి.

"రేపు రెండో రకం ఉత్తరం. మన అనుకున్నవాళ్లకు రాసేది" అంది టీచరమ్మ.

ఇంకా నేర్చుకోవడానికి ఏం మిగిలిందని అనుకుంది ఉడుత. మర్నాడు ఆ పీరియడ్‌కు నాటకం రిహార్సల్ అని చెప్పి తప్పించుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోన్లో గొంతు చించుకుంటోంది.

"అమ్మా! నెలాఖరున పిల్లదాని నాటకం! రావాలి!"

అవతల నుంచి "ఆఁ? ఆఁ?" తప్ప ఇంకేం లేదు. అమ్మమ్మకు ఫోన్లో సరిగ్గా వినపడదు. చివరికి మామయ్య అందుకున్నాడు. "రానంటోంది అక్కా. ఎన్ని చెప్పినా అదే మాట."

రెండు నెలల కిందట అమ్మమ్మ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, చేతికి మాత్రం కర్ర వచ్చింది. అప్పట్నుంచి అమ్మమ్మ, తను ఉంటున్న మామయ్య ఇంటి గడప దాటలేదు. "కర్ర పట్టుకుని వెళ్తే జనం నన్ను చూసి అయ్యో పాపం అంటారు. ఆ మాట పడలేను" అందట.

అమ్మ ఫోన్ పెట్టేసి నిట్టూర్చింది. ఉడుత నడుం మీద చేతులు వేసుకుంది.

"నేను రాస్తాగా. ఫ్యానే తిరిగింది, అమ్మమ్మ రాదా?"

అప్పటికప్పుడు రాసేసింది.

"గౌరవనీయులైన అమ్మమ్మ గారికి,

విషయం: పాఠశాల నాటకమునకు హాజరగుట గురించి.

అయ్యా,

ఈ నెల ముప్పయ్యో తేదీన మా పాఠశాలలో నాటకం ప్రదర్శించబడును. అందులో నేను ఒక పాత్రధారిని. కావున తమరు తప్పక హాజరు కావలసిందిగా ప్రార్థన.

ఇట్లు, తమ విధేయురాలు,

రోల్ నంబరు పధ్నాలుగు."

నాన్న తాళాలు బాగుచేస్తాడు. తాళం చెవికి ఆకురాయి పెడుతూనే ఉత్తరం విన్నాడు. "అబ్బో! వింటుంటేనే లేచి నిలబడాలనిపిస్తోంది. కానీ అమ్మలూ, ఇది అమ్మమ్మకేనా?"

"నీకు తెలీదులే నాన్నా. ఏడో తరగతిలోనే మానేశావు కదా."

నాన్న ఆకురాయి పక్కన పెట్టాడు. కవరు మీద స్టాంపు అంటించి ఇచ్చాడు.

ఆరో రోజు జవాబు వచ్చింది. అమ్మమ్మ నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేసింది. ఎర్ర సిరాతో రాసింది.

"రోల్ నంబరు పధ్నాలుగు గారికి,

తమ దరఖాస్తు అందినది. పరిశీలించడమైనది. ఈ కింది లోపాల వల్ల తిప్పి పంపడమైనది.

ఒకటి: మీసాలు లేని మనిషిని అయ్యా అని పిలుచుట.

రెండు: నా కాలు ఎలా ఉందో ఒక్క ముక్క అడగకపోవుట.

మూడు: రోల్ నంబరు పధ్నాలుగు ఎవరో ఈ ఆఫీసుకు తెలియదు. ఇక్కడి రికార్డుల్లో ఒక ఉడుత ఉంది. దాని జాడ ఈ కాగితంలో ఎక్కడా లేదు.

లోపాలు సరిదిద్ది మళ్లీ పంపవలెను. అంతవరకు ప్రయాణం గురించి ఏ నిర్ణయమూ తీసుకోబడదు.

ఇట్లు, అమ్మమ్మ.

గుమాస్తా పనికి రిటైర్డ్, అమ్మమ్మ పనికి కాదు."

నాన్న పడీ పడీ నవ్వాడు. అమ్మ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఉడుత చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకండి! నేను అన్నీ కరెక్టుగానే రాశాను కదా!"

మర్నాడు ఆ కాగితం టీచరమ్మకు చూపించింది. ఆవిడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఉడుత మొహం చూశాక ఆపుకుంది.

"ఇప్పుడెలా రాయాలి టీచర్?"

"అమ్మమ్మ ఇక్కడే, ఈ బెంచీ మీద నీ పక్కనే కూర్చుందనుకో. ముందు ఏం అడుగుతావు?"

"కాలు నొప్పిగా ఉందా అని."

"తర్వాత?"

ఉడుత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "తర్వాత... ఒక రహస్యం చెప్తాను."

"అయితే అది నాకు చెప్పకు. కాగితానికి చెప్పు."

ఈసారి ఉడుత చిత్తు కాగితం కూడా పెట్టుకోలేదు.

"అమ్మమ్మా,

నీ కాలు ఎలా ఉంది? మెట్లెక్కితే లాగుతోందా? ముందే అడగాల్సింది, మర్చిపోయాను. నీకు మీసాలు లేవని నాకు తెలుసు. గడ్డం మీద ఒకే ఒక్క వెంట్రుక ఉంది, అదీ తెలుసు.

ఇది అమ్మకు కూడా చెప్పలేదు. నాటకంలో నాది కర్ర పట్టుకున్న ముసలమ్మ వేషం. నేను నడిస్తే అందరూ నవ్వుతున్నారు. ఏడవాల్సిన సీన్లో కూడా నవ్వుతున్నారు. చీపురు పట్టుకున్న కోతిలా ఉన్నానని మా క్లాసులో ఒకడు అన్నాడు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. కర్రతో ఎలా నడవాలో ఇక్కడ ఎవరికీ తెలీదు. నీకే తెలుసు. వచ్చి నేర్పవా?

బయటికొస్తే జనం చూస్తారని భయపడుతున్నావట. చూడనీ. నేనూ నీ పక్కనే కర్రతో నడుస్తాను. అప్పుడు అయ్యో పాపం అని ఎవర్ని అనాలో వాళ్లకే తెలీదు.

బోలెడు ముద్దులు.

నీ ఉడుత."

పోస్టు చేసే ముందు నాన్నకు మాత్రం చదివి వినిపించింది. నాలుగో రోజు మామయ్య ఫోన్ చేశాడు. "ఏం మంత్రం వేశావే ఉడుతా? మీ అమ్మమ్మ పొద్దుట్నుంచీ బ్యాగు సర్దుతోంది! కానీ ఒక్క మాట. కింద చాప మీద కూర్చోవడం తన వల్ల కాదు."

బడి హాల్లో అందరూ చాపల మీదే కూర్చోవాలి. ఉడుత వెంటనే ఇంకో కాగితం తీసింది. హెడ్‌మాస్టరు గారికి, విషయం, తేదీ, మొదటి వరుసలో చేతులున్న కుర్చీ ఒకటి, కారణం. నాలుగే వాక్యాలు.

"మరి కోతి సంగతి?" అన్నాడు నాన్న, భుజం మీదుగా తొంగి చూస్తూ.

"అబ్బ, నాన్నా! ఆయనకెందుకది? కుర్చీ ఎందుకో తెలిస్తే చాలు" అంది ఉడుత. తర్వాత నాన్న మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఇదే కదూ?"

నాన్న నవ్వుతూ ఆమె జుట్టు చెదరగొట్టాడు.

కుర్చీకి అనుమతి ఆ సాయంత్రమే వచ్చింది.

శనివారం బస్సు ఆగింది. ముందు కర్ర దిగింది, తర్వాత అమ్మమ్మ దిగింది. ఎదురుగా ఉడుత, చేతిలో నాటకం కర్ర.

అమ్మమ్మ ఎగాదిగా చూసింది. "నీకు ఏ కాలు నొప్పి?"

"ఏదీ లేదుగా."

"ముందు అది తేల్చుకోవే. నొప్పి ఎక్కడో తెలీకుండా ముసలమ్మవి ఎలా అవుతావు?"

ఉడుత తన రెండు కాళ్లూ చూసుకుంది. "ఎడమ కాలు."

"అయితే కర్ర కుడి చేత్తో పట్టుకో. కర్రా, ఎడమ కాలూ ఒకేసారి ముందుకు పడాలి. ఊఁ, పద."

రెండు కర్రలు టక్ టక్ మంటూ బస్టాండు దాటాయి. రెండు బ్యాగులు మోస్తూ నాన్న వెనకాల వస్తున్నాడు. బెంచీల మీద జనం తలలు తిప్పి చూశారు. అమ్మమ్మకు వాళ్లను పట్టించుకునే తీరిక ఎక్కడిది?

"నెమ్మదిగా నడవ్వే ఉడుతా! నన్ను దాటి పరిగెత్తే ముసలమ్మను ఎవడు నమ్ముతాడు?"