నీలం కలిసిన పుదీనా టీ

లస్సాద్ ఆ దుకాణంలో పనికి చేరిన మొదటి పూటే, పక్కన కూర్చున్న అమ్మాయి నీలిరంగు కుంచెను అతని టీ గ్లాసులో ముంచి శుభ్రంగా కడుక్కుంది.

"అది నా టీ అండీ," అన్నాడు లస్సాద్.

ఆమె ఒక్క క్షణం తడబడింది. వెంటనే తల ఎగరేసింది. "కుంచె పట్టేవాళ్ళు టీ గ్లాసు రంగునీళ్ళ పక్కన పెట్టకూడదని మీకెవరూ నేర్పలేదా?"

"నేర్పారు. మీకూ నేర్పే ఉంటారనుకున్నాను."

అంతటితో ఊరుకున్నాడా? ఆమె చూస్తుండగానే ఆ నీలం టీని పుదీనా ఆకులతో సహా గటగటా తాగేశాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుతో కుర్రాడి పని అయిపోయింది.

ఆ అమ్మాయి పేరు మెహ్రెజియా. ట్యూనిస్ పాతబస్తీలో, అత్తరు అంగళ్ళ వెనక సందులో ఉంది ఆ దుకాణం. యజమాని బెషీర్ బాబాయ్ పూర్వకాలపు పండితుల బొమ్మల్ని బొటనవేలంత ఎత్తున తగరంతో పోతపోస్తాడు. నక్షత్రాలు లెక్కగట్టేవాడొకడు, నాడి చూసే హకీం ఒకడు, పుస్తకంలోంచి తలెత్తనివాడొకడు. వాళ్ళ అంగీలకు, తలపాగాలకు రంగు వేయడం లస్సాద్ వంతు. ముఖాలు మెహ్రెజియావి. అన్నిటికంటే ఆఖరున కళ్ళు. కళ్ళు పడేదాకా ఆ బొమ్మను దుకాణంలో విద్యార్థి అనే పిలుస్తారు. పడ్డాకే పండితుడు, షేక్ గారు.

వారం తిరక్కుండానే మీరు కాస్తా నువ్వయింది. లస్సాద్‌కి ఆమె పెట్టిన పేరూ విద్యార్థే. "ఏం విద్యార్థీ, అంగీ మీద చారలు వంకర పోతున్నాయి. నీకింకా కళ్ళు పడలేదా?" అనేది. ఆమె కళ్ళు మాత్రం కళ్ళే. ఆవగింజంత ముఖంలో ఆమె దిద్దిన చూపు ఎప్పుడూ గురి తప్పేది కాదు.

కుంచె మాత్రం టీలోనే పడేది. ఒకనాడు ఎరుపు, ఒకనాడు పసుపు. కావాలనే చేస్తోందని లస్సాద్ నమ్మకం. అంత చక్కగా కళ్ళు దిద్దే పిల్లకు గ్లాసు కనబడదా ఏమిటి? అందుకని తన గ్లాసును పనిగట్టుకుని ఆమె కుడిచేతి పక్కకే జరిపేవాడు. కుంచె పడేది, ఇతను మాట్లాడకుండా తాగేసేవాడు. కడుపు పాడవుతుందిరా అని బాబాయ్ కేకలేసినా వినలేదు. ప్రేమలో పడ్డవాడికి కడుపుతో పనేముంది!

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ తడుస్తూ బయల్దేరారు. సందు చివరి మెట్ల దగ్గర మెహ్రెజియా ఏమీ అనకుండా అతని చెయ్యి పట్టుకుంది. కింది మెట్టు దాకా వదల్లేదు. లస్సాద్ ఇంటికి నడిచి వెళ్ళాడో తేలుతూ వెళ్ళాడో అతనికే తెలియదు. వెళ్ళగానే తల్లికి చెప్పేశాడు. ఆవిడ ఖర్జూరం ముద్ద పెట్టి మక్రూద్ మిఠాయి వండి, శుక్రవారం పిల్లను అడగడానికి వెళ్దామంది.

ముందుగా ఆమెతో ఒక మాట చెబుదామని గురువారం పెందలాడే దుకాణానికి వచ్చాడు. మెహ్రెజియా అప్పటికే కూర్చుని ఉంది. ఆమె ముందు ఒకే ఒక్క విద్యార్థి ఉన్నాడు, ఒక కన్ను పడి, ఒక కన్ను పడక.

"ఇదే ఆఖరుది. రేపు బిజెర్తెలో అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను," అంది.

"ఎందుకు?"

"నీకు తెలియందేముంది? ఎదురుగా ఉన్నదే కనిపిస్తోంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కలన్నీ మూసుకొచ్చేశాయి. ఈ గొట్టం కూడా మూసుకుపోతుందిట, మందు లేదన్నాడు డాక్టరు." ఆమె గొంతు మెత్తబడింది. "మొదటిరోజే బాబాయ్‌కి చెప్పేస్తావని భయపడ్డాను. నువ్వు నోరెత్తకుండా తాగేశావు. రోజూ తాగావు. నా గుట్టు ఇంత మర్యాదగా దాచినవాళ్ళు ఇంకొకరు లేరు, లస్సాద్."

లస్సాద్ అవునంటే చాలు, ఆమె దృష్టిలో ఎప్పటికీ గొప్పవాడైపోతాడు. కానీ గ్లాసును తన చేత్తోనే ఆమెకు కనబడని వైపు జరిపిన సంగతి గుర్తొచ్చింది.

"నాకు తెలియదు," అన్నాడు. "నాతో ఆటలాడుతున్నావనుకున్నాను. నేనంటే ఇష్టమనుకున్నాను."

ఆమె చేతిలోని కుంచె కింద పెట్టింది.

"మెట్లు కనబడక చెయ్యి పట్టుకున్నప్పుడు కూడానా?"

"అప్పుడైతే మా అమ్మకు కూడా చెప్పేశాను."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. లస్సాద్ కూడా ఏడుపు ఆపుకోలేదు.

"నాకింకా కళ్ళు పడలేదు, నువ్వన్నది నిజమే," అన్నాడు. "అయినా నువ్వంటే ప్రాణం. రేపు అమ్మను తీసుకుని మీ ఇంటికి రానా?"

"వద్దు. మా నాన్నదీ ఇదే జబ్బు. రొట్టె ఏది, నీళ్ళు ఏవి, తలుపు ఎటు అని పొద్దస్తమానం మా అమ్మను అడిగేవాడు. చెప్పి చెప్పి ఆమె విసిగిపోయింది. నేను ఇష్టపడ్డవాణ్ణి అలా ఒక్కటీ అడగకూడదని ఒట్టేసుకున్నాను. అందుకే వెళ్తున్నాను."

ఇష్టపడ్డవాణ్ణి అంది. లస్సాద్ విన్నాడు, కానీ ఆ మాట పట్టుకుని బతిమాలడానికి ధైర్యం చాలలేదు. తన చోట కూర్చున్నాడు. కాసేపటికి బాబాయ్ వచ్చి ఎప్పటిలాగే టీ పెట్టి పోయాడు.

మెహ్రెజియా కళ్ళు తుడుచుకుని రెండో కన్ను కోసం కుంచె అందుకుంది. నలుపు ఎక్కువైంది. కడగడానికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి గ్లాసుల మీద ఆగిపోయింది. తల తిప్పి చూస్తే కనబడేదే. ఆమె తిప్పలేదు.

"లస్సాద్," అంది మెల్లగా, "ఇందులో టీ ఏది?"

"నీ చేతికి దగ్గరగా ఉన్నది," అన్నాడు లస్సాద్.

ఆమె అవతలి గ్లాసులో కుంచె కడుక్కుని షేక్ గారి రెండో కన్ను దిద్దింది. లస్సాద్ తన గ్లాసు తీసుకున్నాడు. ఆ రోజు టీలో ఏ రంగూ లేదు. అయినా అతను తాగలేకపోయాడు.